బంగారం దీవికి ఎవరు ముందు

ఉమాశ్రీకి కడుపు మండటం మొదలైంది మంగళవారం ఉదయం సరిగ్గా పదకొండూ పదికి. క్యాంటీన్లో తిన్న మిర్చి బజ్జీ వల్ల కాదు. పక్క సీట్లో కూర్చునే రసజ్ఞ కుర్చీని గిర్రున ఇటు తిప్పి, "అక్కా! పర్మిట్ వచ్చేసింది!" అని ఫ్లోరంతా వినబడేట్టు అరవడం వల్ల.

"దేనికి పర్మిట్?" అన్నాడు వెనక వరసలోంచి సాయిచంద్.

"లక్షద్వీప్‌కు. బంగారం దీవి. మార్చి ఫస్ట్ వీక్‌ల పోతున్నం. మా హాస్టల్ పోరీలం నలుగురం."

"అబ్బో! అక్కడికి వెళ్ళడం చాలా కష్టమంటారే. ఎలా పట్టావ్?"

"ఉమక్క షీట్ ఇచ్చింది గదా. అండ్లున్నట్టు చేసుకుంట పోయిన. గంతే."

గంతే! మూడేళ్ళ తపస్సుని ఒక్క 'గంతే'లో చుట్టేసి పడేసింది పిల్ల. ఉమాశ్రీ నవ్వింది. నవ్వక చస్తుందా, అందరూ చూస్తున్నారాయె. "కంగ్రాట్స్ రసా" అని పైకి అంది. లోపల మాత్రం నీ మొహం మండ అనుకుంది.

ఇంత మంట ఎందుకో చెప్పాలి. బంగారం దీవి ఉమాశ్రీది. ఆవిడ పేరున పట్టా ఉందని కాదు. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఫోన్లో ఒక ఫోటో చూసింది. నీళ్ళ మీద ఒక చిన్న పడవ. ఆ నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ గాల్లో తేలుతున్నట్టుంది. దాని నీడ కింద ఇసుక మీద వేరేగా పడుంది. ఉమాశ్రీ పుట్టిందీ పెరిగిందీ కాకినాడలో. సముద్రమంటే తనకి తెలిసినంత ఈ హైదరాబాదులో ఇంకెవరికీ తెలీదని ఆవిడ నమ్మకం. ఆ ఫోటో చూశాక, ఇన్నేళ్ళూ తను చూసింది అసలు సముద్రమేనా అని అనుమానం వచ్చింది. ఆ రోజు చిక్కుడుకాయ కూరలో సగం ఈనెలే.

అప్పట్నుంచీ కంప్యూటర్లో ఒక షీటు. అందులో పద్నాలుగు పేజీలు. కొచ్చి దాకా ఏ విమానం, అక్కణ్ణించి అగత్తికి వెళ్ళే చిన్న విమానంలో ఎటువైపు కూర్చుంటే దిగేటప్పుడు పగడపు దిబ్బలు కనబడతాయి, అగత్తి నుంచి దీవికి పడవ ఏ వేళకి. పర్మిట్‌కి ఏ కాగితాలు కావాలి, పోలీసుల దగ్గర సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి. దీవుల వాళ్ళెవరో ఒకరు మన పేరున హామీ ఉండాలి కాబట్టి, అలాంటి వాళ్ళ నంబర్లు తొమ్మిది. ఏ నెలలో గాలి ఎటు వీస్తుంది, ఏ తిథికి ఆటుపోట్లు ఎలా ఉంటాయి. పడవలో కూతురు హర్షిణికి వాంతులైతే ఏ మాత్ర వెయ్యాలి. ఇవన్నీ చూసి ఆవిడ భర్త బాలు, "నువ్వు ఇలా చూస్తుంటే మనం వెళ్ళేసరికి ఆ దీవి అరిగిపోయేట్టుంది ఉమా" అనేవాడు. బాలుకి ఇన్సూరెన్సు ఆఫీసులో గవర్నమెంటు ఉద్యోగం, తొందరంటూ లేని మనిషి.

మొదటి ఏడాది హర్షిణికి అమ్మవారు పోసింది. రెండో ఏడాది అత్తగారి మోకాలి ఆపరేషను. ఈ రెండు కారణాలూ ఉమాశ్రీ అందరికీ చెప్పేది. మూడోది ఎవరికీ చెప్పలేదు. మూడో ఏడాది ఎవరికీ ఏ జబ్బూ రాలేదు. విమానంలో సీట్లున్నాయి, హామీ ఉండే ఆయన సరేనన్నాడు. ఉమాశ్రీ బటన్ మీద వేలు పెట్టి కూర్చుని, వచ్చే వారం గాలి ఎలా ఉంటుందో ఇంకొక్కసారి చూసి నొక్కుదాం అనుకుంది. అలా నాలుగు రోజులు చూసింది. అయిదో రోజుకి సీట్లు అయిపోయాయి.

జనవరిలో రసజ్ఞ "అక్కా, జర నీ షీట్ పంపవా?" అని అడిగితే మురిసిపోతూ పంపింది. అంతకు ముందు అడిగిన వాళ్ళందరూ ఆ పద్నాలుగు పేజీలూ చూసి దండం పెట్టి గోవాకి పోయారు. ఇదీ పోతుందిలే అనుకుంది. సిద్దిపేట పిల్ల, మాదాపూర్ హాస్టల్లో ఉంటుంది, సముద్రం జన్మలో ఒక్కసారి చూసిందో లేదో. దీనికి గాలేంటి, ఆటుపోట్లేంటి? తీరా అది ఆటుపోట్ల పేజీ తెరిచి కూడా చూడకుండా మొదటి నంబరుకే ఫోన్ కొట్టి, నెల తిరక్కుండా పర్మిట్ పట్టుకొచ్చి కూర్చుంది.

"ఎందుకే వెళ్ళడం, ఏమన్నా విశేషమా?" అని ఉండబట్టలేక అడిగింది ఉమాశ్రీ. పెళ్ళి కుదిరిందనో మొక్కుకున్నాననో చెబుతుందని ఆశ. అలాంటిదేదన్నా ఉంటే కాస్త ఓర్చుకోవచ్చు.

"ఏం విశేషమక్కా? పోవాలనిపించింది, పోతున్న."

ఈ మాటకి ఉమాశ్రీకి పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతుంది. ప్రతి మనిషికీ ఒక బ్యాకప్ ఉంటారు. ఉమాశ్రీకి రసజ్ఞ, రసజ్ఞకి ఉమాశ్రీ. ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ళు వాళ్ళ పని చూడాలి. అంచేత ఇద్దరూ ఒకే వారం సెలవు పెట్టకూడదు. ఇంకోటి కూడా ఉంది. సెలవు అర్జీ పోర్టల్లో పెట్టగానే అది ముందు మేనేజరు దగ్గరికి పోదు, బ్యాకప్ దగ్గరికి వస్తుంది. 'సరే, ఆ వారం నేను చూసుకుంటాను' అని బ్యాకప్ బటన్ నొక్కితేనే అక్కణ్ణించి పైకి కదులుతుంది. మూడు పని దినాల్లో నొక్కకపోతే ఆ అర్జీ దానంతటదే రద్దు. ఖాళీ అయిన ఆ వారాన్ని టీములో తర్వాత అడిగిన వాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ మార్చి మొదటి వారం కోసం సాయిచంద్ బావమరిది పెళ్ళి పేరు చెప్పి ఇప్పటికే వరసలో నిలబడి ఉన్నాడు.

మంగళవారం పన్నెండింటికి ఉమాశ్రీ తెర మీద రసజ్ఞ అర్జీ వచ్చి వాలింది. పక్కన ఆకుపచ్చ బటన్. గురువారం సాయంత్రం ఆరింటిదాకా గడువు. రసజ్ఞ బంగారం దీవికి వెళ్ళడమా మానడమా అన్నది ఉమాశ్రీ చూపుడు వేలి మీద ఆధారపడి ఉంది.

ఉమాశ్రీ నొక్కలేదు.

కాదని మాత్రం అనలేదు సుమండీ. అంత మాట అనే మనిషి కాదు. ఉత్తినే నొక్కకుండా ఉంది. నొక్కకపోవడంలో ఆవిడకి మంచి అనుభవం ఉంది కదా.

మంగళవారం సాయంత్రం లిఫ్టు దగ్గర రసజ్ఞ అడిగింది. "అక్కా, నా లీవ్ అచ్చిందా నీ దగ్గరికి?"

"వచ్చింది రసా. మన ప్రాజెక్టు రిలీజు డేటు ఇంకా తేలలేదు కదా. అది కాస్త చూసి చేస్తాను."

"ఫికర్ లేదక్కా, నువ్వున్నవ్ గదా" అని పోయింది పిల్ల.

నువ్వున్నావు కదా అన్న మాట మెట్రో దిగి నల్లగండ్ల వైపు ఆటో ఎక్కేదాకా ఉమాశ్రీని వెంటాడింది. అయినా ఇంటికెళ్ళాక నొక్కబుద్ధి కాలేదు. అన్నం వడ్డిస్తూ బాలుకి చెప్పింది, చెప్పకుండా ఉంటే పొట్ట ఉబ్బి చచ్చేట్టుంది.

"నా షీటు, నా నంబర్లు, నా కష్టం. అది వెళ్ళి నీళ్ళలో దిగి ఫోటోలు పెడుతుందిట. నేను ఆ వారమంతా దాని పని చేస్తూ ఆ ఫోటోలకి లైకులు కొట్టాలిట. ఎలా ఉందండీ న్యాయం?"

"షీటు నువ్వే కదా ఇచ్చావు."

"ఇచ్చాను. వెళ్ళిపొమ్మని ఇచ్చానా?"

బాలుకి నవ్వొచ్చి చారు పొలమారింది. "మరెందుకిస్తారు ఉమా ఎవరైనా?" అన్నాడు దగ్గుతూ.

"మీకేం తెలీదు, ఊరుకోండి. మనకన్నా ముందు అది చూస్తే ఇంక మనం వెళ్ళి ఏం లాభం? ఎవరితో చెప్పినా 'ఆ, రసజ్ఞ వెళ్ళిందే, అక్కడికేనా?' అంటారు. మూడేళ్ళు మోసింది నేను, పేరు దానిది." ఇలా అంటూ ఆవిడ గరిటెని ఠక్కున గిన్నెలో పడేసింది. అది చూసి బాలు నవ్వడం మానేశాడు. హర్షిణి అప్పడం కొరుకుతూ, "అమ్మా, మనం ఎప్పుడు వెళ్తాం?" అంది. ఉమాశ్రీ దాని కంచంలో ఇంకో అప్పడం వేసింది.

బుధవారం రసజ్ఞ రెండుసార్లు గుర్తు చేసింది. మొదటిసారి ఉమాశ్రీ "కాల్‌లో ఉన్నా" అంది. రెండోసారి "పోర్టల్ తెరుచుకోవట్లేదు" అంది. పోర్టల్ చక్కగా తెరుచుకుంది. గంటకోసారి తెరిచి ఆ ఆకుపచ్చ బటన్‌ని చూసి మళ్ళీ మూసేస్తూనే ఉంది. చూసిన ప్రతిసారీ ఒక్క క్షణం కడుపు చల్లబడేది. ఆ వెంటనే, పక్క సీట్లో రసజ్ఞ హాస్టల్ పిల్లలతో ఫోన్లో "టోపీలు ఎన్ని కొందామే?" అంటూ కిలకిలలాడటం వినబడి మళ్ళీ భగ్గుమనేది. బుధవారం పొద్దుగూకేసరికి ఉమాశ్రీకి నిజంగానే తలనొప్పి పట్టుకుంది.

గురువారం వచ్చింది. సాయంత్రం అయిదింటికి వారం వారం జరిగే పెద్ద మీటింగు. టీము మొత్తం ఒక గదిలో కూర్చుంది, మేనేజరు రవీందర్ మధ్యలో. చెన్నై ఆఫీసు నుంచి నలుగురు తెర మీద. ఆ వారం ఏం పని జరిగిందో చూపించే వంతు ఉమాశ్రీది. తన ల్యాప్‌టాప్‌ని గోడ మీదున్న పెద్ద తెరకి తగిలించి, చీర కొంగు సర్దుకుని మొదలుపెట్టింది.

మీటింగులో తెర చూపించే ముందు మెసేజీలు రాకుండా ఆపుకోవాలని కొత్తగా చేరిన ప్రతి పిల్లాడికీ మొదటి రోజే పాఠం చెప్పేది ఉమాశ్రీయే. అలాంటిది ఈవేళ తనే మరిచిపోయింది. రెండు రోజులుగా బుర్రలో ఆకుపచ్చ బటన్ తప్ప ఇంకేదీ ఉంటే కదా!

అయిదూ ఇరవైకి టింగుమంది. గోడ మీద, కుడివైపు మూల, అరచెయ్యంత అక్షరాలతో మెసేజీ. బాలు దగ్గర్నుంచి. బాలుకి టైపు చెయ్యడం బద్ధకం, ఫోనుకి నోటితో చెబుతాడు, అది చక్కటి తెలుగులో రాసి పెడుతుంది.

'ఉమా ఆ రసజ్ఞ సెలవు నొక్కావా లేదా. మనం వెళ్ళకపోతే ఆ పిల్లదా తప్పు. కుళ్ళు మంచిది కాదు. వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురా.'

మెసేజీలు మామూలుగా రెండు క్షణాల్లో మాయమవుతాయి. ఇది మాత్రం ఎంతకీ పోలేదు. లేదా ఉమాశ్రీకి అలా అనిపించింది. మౌస్ ఎక్కడ నొక్కితే పోతుందో తోచలేదు. గదిలో తెలుగు చదవగలిగిన వాళ్ళందరూ చదివేశారు. సాయిచంద్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. రవీందర్ ఉన్నట్టుండి తన నోటు పుస్తకంలో ఏదో ముఖ్యమైనది వెతుక్కోసాగాడు. రసజ్ఞ వైపు చూసే ధైర్యం ఉమాశ్రీకి లేదు. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది, కానీ పద్నాలుగో అంతస్తులో ఆ సదుపాయం కూడా లేదు.

చెన్నై నుంచి ఒకాయన పాపం మర్యాదగా, "ఏమైనా అర్జెంటా ఉమా? ఏం రాసుంది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

రవీందర్ నోటు పుస్తకంలో ఇంకో పేజీ తిప్పాడు.

"ఏం లేదు సార్" అంది రసజ్ఞ, తను కూడా ఇంగ్లీషులోనే. "వాళ్ళాయన కొత్తిమీర తెమ్మంటున్నారు."

చెన్నై వాళ్ళు నలుగురూ పకపకా నవ్వారు. ఒకావిడ 'మా ఇంట్లో కూడా ఇంతే' అంది. ఇక్కడి వాళ్ళూ బలవంతంగా నవ్వారు. రసజ్ఞ మాత్రం నవ్వలేదు. "అక్కా, నెక్స్ట్ స్లైడ్" అంది అంతే.

మిగిలిన ఇరవై నిమిషాలు ఉమాశ్రీ ఏం చెప్పిందో ఆవిడకే తెలీదు. తెలిసింది ఒక్కటే. తిట్టి ఉంటే బాగుండేది. పదిమందిలో పరువు తీసి ఉంటే, 'చూశారా, ఎలాంటి పిల్లో' అని తనూ నాలుగు అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది. అది కాపాడింది. కడుపులో మంట కాస్తా గొంతుదాకా వచ్చింది.

మీటింగు అవ్వగానే అందరికన్నా ముందు లేచి ప్యాంట్రీలోకి పోయింది. కాఫీ మెషీను ముందు కప్పు పట్టుకుని నిలబడింది కానీ మీట నొక్కలేదు. వెనకాలే రసజ్ఞ వచ్చి తలుపు మూసింది.

"ఏందక్కా ఇది?"

"అది కాదు రసా, ఆయన ఊరికే ఏదో జోకుగా..."

"జోక్ గాదు. మూడు దినాల సంది అడుగుతున్న నిన్ను. రిలీజ్ డేట్ అంటివి, నమ్మిన. పోర్టల్ తెరుచుకుంటలేదంటివి, అదీ నమ్మిన. పొద్దుగాల హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ జేసి లొల్లి పెట్టిన తెలుసా, మా అక్కకు పోర్టల్ తెరుచుకుంటలేదు, జల్ది చూడుండ్రి అని." పిల్ల వచ్చి ఉమాశ్రీ ఎదురుగా నిలబడింది. "నామీద గింత కోపం దేనికక్కా? ఏం జేసిన నేను?"

ఉమాశ్రీ దగ్గర ఇంకో అబద్ధం లేదు. ఉన్నవన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి.

"ఏం చెయ్యలేదు" అంది. "ఏమీ చెయ్యకుండానే పర్మిట్ తెచ్చుకున్నావు. అదే. నాకు కుళ్ళు రసా. ఆయన అన్నది నిజమే. నువ్వు టోపీల గురించి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళంతా మంటలు పుట్టాయి. ఆ దీవి నాది అనుకున్నాను. నాకన్నా ముందు నువ్వు చూస్తావంటే తట్టుకోలేకపోయాను. సిగ్గులేకుండా చెబుతున్నా, ఇప్పటికీ తట్టుకోలేకపోతున్నా." కళ్ళనీళ్ళు కారిపోతుంటే ఖాళీ కప్పు అడ్డం పెట్టుకుంది.

రసజ్ఞ ఆ కప్పు లాక్కుని పక్కన పెట్టింది.

"మరి నిన్నెవలు ఆపిండ్రక్కా?"

"హర్షిణికి అమ్మవారు... మా అత్తగారికి..."

"అవి నాకెర్కే. పోయినేడు ఎవలు ఆపిండ్రు?"

మూడో కారణం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి అక్కడ కారణమంటూ ఏదీ లేదు. "నేనే" అంది ఉమాశ్రీ. "గాలి చూస్తూ కూర్చున్నాను."

రసజ్ఞ ఆవిడ చెయ్యి పట్టుకుని బరబరా సీటు దగ్గరికి లాక్కొచ్చింది. అయిదు ముప్పావు. పోర్టల్ తెరిచే ఉంది. "ముందు నాది నొక్కు" అంది. ఉమాశ్రీ నొక్కింది. మూడు రోజులు మొయ్యలేక మోసిన బటన్, నొక్కడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ఇగ నీది పెట్టు."

"నాదా? ఇప్పుడా? ఆయన్ని అడగాలి, హర్షిణి స్కూలు..."

"స్కూల్ ఎప్పుడు ముగుస్తది?"

"ఏప్రిల్ ఇరవై మూడు."

"ఏప్రిల్ ఆఖరి వారం పెట్టు. వానలకు ముంగటనే అచ్చేస్తరు." ఇంకో చేత్తో ఫోన్ తీసి హామీ ఉండే కోయాగారికి కొట్టి స్పీకర్లో పెట్టింది. అవతల్నుంచి గాలి హోరులో ఆయన విరిగిన హిందీలో, ముగ్గురేనా, రండి రండి, కాగితాలు పంపండి అని అరిచాడు. ఆ నెలలో గాలి ఎటు వీస్తుందో అడగమని ఉమాశ్రీ సైగ చేసింది. రసజ్ఞ ఫోన్ పెట్టేసింది.

ఉమాశ్రీ తేదీలు కొట్టింది. బాలుకి మాటమాత్రం చెప్పకుండా, వాతావరణం చూడకుండా, కళ్ళు మూసుకుని అర్జీ పంపేసింది. పక్క సీట్లో రసజ్ఞ తెర మీద అది ఇలా వాలిందో లేదో అలా నొక్కేసింది. అటునుంచి రవీందర్ లేచి నిలబడి, "రెండూ అప్రూవ్ చేసేసిన. ఇగ ఇద్దరూ జర పని చూడుండ్రి" అన్నాడు, వీళ్ళ వైపు చూడకుండా. మూడేళ్ళ వ్యవహారం మొత్తం ఆరు నిమిషాల్లో తేలిపోయింది.

సంతోషించాలి కదా? ఉమాశ్రీ సంతోషించింది కూడా. కానీ మనిషి మనసు మాయదారిది. ఆ సంతోషం అడుగున పాత నిప్పు ఇంకా రగులుతూనే ఉంది. సిగ్గు విడిచి అడిగేసింది.

"రసా, ఒక్కటి అడగనా? తిట్టకు. అక్కణ్ణించి నాకు ఫోటోలు పంపకు."

రసజ్ఞ తెల్లబోయింది.

"నువ్వు చూసినవి నీ ఫోన్లో చూసేస్తే, ఇంక నేను వెళ్ళి ఏం లాభం?"

"నీకు పెద్ద బీమారే ఉందక్కా" అంది రసజ్ఞ. కోపం ఇంకా పోలేదు, ఆ మాటలో కనబడుతూనే ఉంది. "సరే. పంపను తీ."

మార్చి మొదటి వారం రసజ్ఞ వెళ్ళింది. ఉమాశ్రీ రెండు పనులూ చేస్తూ, పోయేటప్పుడు ఆ పిల్ల రాసిచ్చిన నోట్సు చూసుకుంటూ కూర్చుంది. నోట్సు శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఫోటోలు రాలేదు. పంపనంది తనకే కదా, స్టేటస్‌లో పెట్టి ఉంటుందిలే అని చూసింది. లేదు. అందరికీ కనబడేచోట పెట్టి ఉంటుందని చూసింది. అక్కడా లేదు. బుధవారానికి ఆగలేక టీము గ్రూపులో వెతికింది. హాస్టల్ పిల్లల పేర్లు గుర్తు తెచ్చుకుని వాళ్ళని కూడా వెతికింది, అకౌంట్లకి తాళం వేసుకున్నారు ముండలు. వద్దన్నది తనే. ఇప్పుడు రోజుకి నలభైసార్లు ఫోన్ తీసి చూస్తున్నదీ తనే. బాలు చూసి, "ఏప్రిల్ దాకా నీ ఫోన్ నేను దాచనా?" అన్నాడు. ఆ రోజు ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

పై సోమవారం రసజ్ఞ వచ్చింది. నల్లగా మాడిపోయింది, ముక్కు మీద తోలు పొరలుగా లేస్తోంది, కళ్ళు మాత్రం కడిగినట్టు మెరుస్తున్నాయి. టీమంతా మూగింది. డబ్బాలో తెచ్చిన కొబ్బరి మిఠాయి క్షణంలో ఖాళీ అయింది. "ఫోటోలు ఫోటోలు" అని గోల పెట్టారు. ఉమాశ్రీ తన కుర్చీలోంచి లేవలేదు, తెర వైపు చూస్తూ చెవులు ఇటే పెట్టింది.

"తియ్యలే" అంది రసజ్ఞ.

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి గూడ. మా పోరీలను గూడ తియ్యనియ్యలే, తిట్టిండ్రు నన్ను. ఏప్రిల్ దాకా ఆగుండ్రి. ఉమక్క పోతున్నది గదా, మంచిగ తీసుకొచ్చి చూపిస్తది."

"పిచ్చా నీకు?" అన్నాడు సాయిచంద్. "అంత దూరం పోయి ఒక్క ఫోటో లేకుండా వస్తారా ఎవరైనా? మరి ఏం చేసొచ్చావ్?"

"చూసొచ్చిన" అంది రసజ్ఞ. "నీళ్ళల్ల కూసొని చూసిన. సాల్దా?"

అందరూ నవ్వుకుంటూ ఎవరి సీట్లకి వాళ్ళు పోయారు. రసజ్ఞ కుర్చీ లాక్కుని కూర్చుని, ఏమీ జరగనట్టు తన నోట్సు తెరిచి, "అక్కా, నేను లేనప్పుడు ఏమన్న పెండింగ్ పడ్డదా?" అంది. పంపనని మాటిచ్చింది కానీ, తియ్యనని ఎవరికీ మాటివ్వలేదు. తనని ఎవరూ అడగలేదు కూడా.

ఉమాశ్రీ లేచి ఆ పిల్లని కావిలించుకుంటే బాగుండేది. కథల్లో అయితే అలాగే చేస్తారు. ఉమాశ్రీ తెర వైపు చూస్తూనే ఉంది, అక్షరాలు అలికినట్టు కనబడుతున్నాయి. ఈ ఏప్రిల్‌లో తనూ వెళుతుంది. తనూ ఆ నీళ్ళలో కూర్చుంటుంది. కానీ దిగీ దిగగానే ఫోన్ తీస్తుందని, తియ్యకుండా ఉండటం తన వల్ల కాదని ఆవిడకి తెలుసు. దీవినీ సముద్రాన్నీ ఒదిలిపెట్టి ఇప్పుడు మంట కొత్తచోటికి పాకింది. ఇంత మనసు దీనికెక్కణ్ణించి వచ్చింది, నాకెందుకు రాలేదు అని, ఇరవై తొమ్మిదేళ్ళ ఆ పిల్లని చూసి ఉమాశ్రీ మొదటికన్నా ఎక్కువగా కుళ్ళుకుంది.

"పెండింగ్ ఏం లేదు రసా" అంది. "అంతా అయిపోయింది."